తర్వాత ఏ పాట?

ఇంట్లో అందరూ ఆమెను గడియారం అనేవారు. చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు అది. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఏ వస్తువు ఏ అరలో ఉందో అడగడమే ఆలస్యం, చెప్పేసేది. చెప్పలేకపోతే అన్నయ్య ముక్కుపొడుం అంటిన వేళ్ళతో ఎడమ చెవి పట్టుకుని మెలిపెట్టేవాడు. అందుకే చెప్పేది.

అన్నయ్య పోయి ఏడాదైంది. ఇంట్లో మిగిలింది ఇద్దరే: గడియారం, ఆమె వదిన.

ఈ మధ్య గడియారం ఆగి ఆగి నడుస్తోంది. కళ్ళజోడు ముఖాన ఉండగానే దానికోసం ఇల్లంతా గాలించింది. మొన్న పాలు పొంగి పొయ్యి ఆరిపోతే, గ్యాసు కట్టేయకుండానే వచ్చి కూర్చుంది. వాసనకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి, ఎవరు వదిలేశారని అడిగారు.

"ఇంకెవరు, మా వదినే!" అంది గడియారం తడుముకోకుండా.

వదిన నిజం చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. గడియారం తప్పుతుందా ఎక్కడైనా?

సంగతి తెలిసి వదిన కూతురు వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. "మతి తప్పిన మనిషిని ఇలా వదిలేసి డ్యూటీలో ఎలా నిలబడను? ఆదివారం సెలవు. అమ్మ సంగతేంటో నేనే చూస్తాను. బాగాలేదంటే హోములో చేర్పించడమే. అత్తా, అంతవరకూ కాస్త కనిపెట్టుకుని ఉండు."

"నాన్న పాటల వరస అడుగు తల్లీ," అంది వదిన. "తప్పు చెబితే అప్పుడు తీసుకెళ్ళు."

పోయేముందు అన్నయ్య తయారుచేసిన డిస్కు ఒకటుంది. తనకు నచ్చిన పాటలన్నీ కుదించి, ఎంపీత్రీలుగా మార్చి, ఒక్కదానిలోకి ఇరికించాడు. మూత తీసి డిస్కు పెట్టి, ఒళ్ళో ఉంచుకుని వినే చిన్న ప్లేయరు కొన్నాడు. దానికి పాటల పేర్లతో పనిలేదు. ఫైలు పేరు ముందున్న అంకె చూసుకుని వరసగా పాడుకుంటూ పోతుంది. వదిన రోజూ మధ్యాహ్నం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేది. ఒక పాట అయిపోయి ఇంకోటి ఎత్తుకునేలోగా ఆమె పెదవులు కదిలేవి. తర్వాత రాబోయే పాట ఏదో చెప్పుకునేది. ఒక్కనాడూ తప్పలేదు. మొగుడంటే ఎంత ప్రేమో అనుకునేవారు చూసినవాళ్ళు.

తప్పు వదిన మీదే నిలిచిపోవడానికి గడియారానికి దారి దొరికింది.

శనివారం వదిన స్నానానికి వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చుంది. డిస్కులోని పాటలన్నీ అందులోకి ఎక్కించుకుని, ఫైళ్ళ ముందు అంకెలు తారుమారు చేసింది. పడవ పాటను ముందుకు తోసింది, ఉయ్యాల పాటను వెనక్కి లాగింది. పేకముక్కలు కలిపినట్టు కలిపింది. వాటిని కొత్త డిస్కులోకి ఎక్కించి, దానిమీద అన్నయ్య దస్తూరీలా 'పాటలు' అని రాసింది. పాతదాన్ని రెండు చేతులతో వంచింది. టక్కుమని విరిగింది. వెండి పెచ్చులు ఒళ్ళో రాలాయి.

తల తిప్పితే గుమ్మంలో వదిన. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అమ్మాయ్..." గుసగుసలాడింది. "ఆ వరస మార్చకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నేనేం మార్చాను? దుమ్ము దులుపుతున్నాను."

"తప్పు చెబితే మీ అన్నయ్య ఊరుకోరు."

గడియారం నవ్వింది. "నేను వరస మార్చాననీ, పోయిన అన్నయ్య ఊరుకోడనీ రేపు నీ కూతురితో అను వదినా. నా పని ఇంకా తేలికైపోతుంది!"

ఆదివారం వాన. తల్లీకూతుళ్ళు సోఫాలో పక్కపక్కనే కూర్చున్నారు. కూతురు ఇయర్‌ఫోను అందుకోబోతే వదిన ఆమె చేతిమీద కొట్టింది. "ఎడమది ముట్టుకోకు. అది నాది. నువ్వు కుడిది పెట్టుకో."

మొదటి పాట అయిపోయింది.

"ఉయ్యాల పాట," అంది వదిన.

పడవ పాట వచ్చింది.

వదిన కెవ్వుమనబోయి ఆపుకుంది. ఎడమ చెవిని అరచేత్తో మూసుకుంది.

"పోనీలే అమ్మా, కంగారుపడ్డావు. ఈ టీ తాగు."

వదిన కప్పుకేసి చూసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంటి?"

గడియారం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వచ్చిన నవ్వు ఆపుకోవడానికి.

రెండోది కూడా తప్పింది. వదిన కిటికీకేసి తిరిగి, "ఆ చప్పుడేంటి?" అంది. బయట వాన కురుస్తూనే ఉంది. మూడోది తప్పాక కూతురి ముఖం చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"ఎవరమ్మా మీరు?"

ఒక్క పాట తప్పితే చాలనుకుంది గడియారం. ఇంత అనుకోలేదు. అయినా అరలోంచి సంచీ తీసి ఇచ్చింది. కూతురు ఏడుస్తూ తల్లి బట్టలు సర్దింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో వదిన చెవి కనబడింది. తమ్మె ఎర్రగా కందిపోయి ఉంది. వెనక గోటి గుర్తు.

"ఇయర్‌ఫోను ఒరుసుకున్నట్టుంది," అంది మేనకోడలు.

తర్వాతి ఆదివారం. మళ్ళీ వానే. మధ్యాహ్నమైనా గదిలో దీపం వేసుకోవలసినంత మబ్బు. మేనకోడలు చూడటానికి వస్తానంది. తననూ ఏమైనా అడుగుతుందేమోనని గడియారానికి బెరుకు. ముందే ఒకసారి సరిచూసుకుంటే పోలా? ఆ వరస తన చేతులతో పేర్చిందే కదా.

టీ కోసం పాలు పొయ్యి మీద పెట్టి వచ్చింది. వదిన వదిలేసి వెళ్ళిన ప్లేయరు తీసి, ఇయర్‌ఫోన్లు రెండూ పెట్టుకుని మీట నొక్కింది.

మొదటి పాట అయిపోయింది. చిన్న ఖాళీ. ఆ ఖాళీలో, ఎడమ చెవి పక్కన, ఎవరో ముక్కు ఎగబీల్చారు.

పొడుం వాసన.

"గడియారం..."

కదలలేకపోయింది.

"తర్వాత ఏ పాట?"

తెలుసు. తెలుసు కదా... నిన్నగాక మొన్న తను పెట్టిందే. మొదటిది ఇది, దాని తర్వాత... దాని తర్వాత...

కంప్యూటరులో చూస్తే సరి. లేవబోయింది.

"చూసి చెప్పకూడదు."

చెవి తమ్మె మీద రెండు వేళ్ళు పడ్డాయి. చల్లగా. చిన్నప్పటిలాగే ముందు మెత్తగా పట్టుకున్నాయి.

"ఉ... ఉయ్యాల పాట," అంది.

పడవ పాట మొదలైంది.

వేళ్ళు తిరిగాయి. ఆమె అరిచింది. నొప్పి తగ్గి చూస్తే, ఎదురుగా గోడమీద ఫోటో. మీసాలాయన ఒకడు. ఎవరో ఏమో.

ఇయర్‌ఫోన్లు లాగేసింది. అవి ఒళ్ళో పడ్డాయి. పాట ఆగలేదు... చెవిలోనే మోగుతోంది. మళ్ళీ ఖాళీ వచ్చింది.

"తర్వాత?"

"నీకు దణ్ణం పెడతానన్నయ్యా..."

"అన్నయ్య ఎవరు?" అంది గొంతు. "చెప్పు."

ఆమె నోరు తెరిచింది. అందులో ఏ మాటా లేదు.

వంటింట్లో ఏదో బుస్సుమంది. తర్వాత ఒక వాసన వచ్చింది. ఘాటుగా, తియ్యగా, ఇల్లంతా. ఆ వాసన వస్తే ఏదో చెయ్యాలి. ఎక్కడికో వెళ్ళి దేన్నో తిప్పాలి. ఏమిటది? ఆమె సోఫాలో కూర్చుని పీలుస్తూ ఉండిపోయింది.

తలుపు దభాలున తెరుచుకుంది. తెల్లబట్టల మనిషి ఒకతె వంటింట్లోకి పరుగెత్తింది. కిటికీలు బార్లా తెరిచింది. వానజల్లు లోపలికి కొట్టింది.

"అత్తా! అయితే ఆరోజు గ్యాసు వదిలేసింది నువ్వేనా? అమ్మని అన్యాయంగా... అత్తా, ఇటు చూడు. నేనెవరిని?"

చూసింది. మంచి ముఖం. ఏడుస్తోంది పాపం.

ఆ మనిషి పక్కన కూలబడింది. చేతికి ఇయర్‌ఫోను తగిలింది. ఎడమది. కళ్ళు తుడుచుకుంటూ చెవి దగ్గరికి తీసుకుంది.

వద్దని చెప్పాలి. ఎందుకో తెలీదు, కానీ వద్దని చెప్పాలి. ఏ మాటతో చెప్పాలో దొరకలేదు. చెయ్యి ఎత్తబోతే అది ఒళ్ళోంచి లేవలేదు.

"అదేంటి..." ఆ మనిషి ముఖం చిట్లించింది. "అత్తా, హోములో అమ్మకి మాటే పడిపోయింది కదా, ఇందులో అమ్మ గొంతుందేంటి? నాన్న పాటలే కదా ఇవి?"

ఇంకాస్త చెవికి నొక్కుకుంది.

"ఏదో అడుగుతోంది..."

వాన సన్నబడింది. ఆ మనిషి ఎడమ చెవి తమ్మె మీద ముందొక సొట్ట, వెనకొక సొట్ట, మెల్లగా పడ్డాయి.