మైలసాని ఎక్కిన పల్లకి

కస్తూరి కలిపిన వసంతపు నీళ్లతో మల్లగిరి దుర్గపు రాజవీథులన్నీ తడిసి ఘుమఘుమలాడుచుండగా, భర్త మరణానంతరము పసికుమారుని పేర రాజ్యమేలుచున్న సూరాంబికాదేవి కొలువుతీరిన వసంతసభలో, సేనాపతి ఎఱపోతనాయకుడు తన ఖడ్గమును ఆమె పాదముల చెంత నుంచి, ఆ కనుచూపే తనకు విజయమని పద్యము చదివెను. సభ యంతయు జయజయధ్వానములు చేసెను. స్త్రీల నడుమ కూర్చున్న ఆయన భార్య మైలసాని మాత్రము పెదవి కొరుకుకొని తల దించుకొన్నది.

ఇల్లు చేరగానే అడిగినది: "అది వలపు కాదా, స్వామీ?"

"సభామర్యాద. ఏలిక యెడ బంటు చూపవలసిన భక్తి."

"మర్యాదకు గొంతు వణుకునా?"

నాయకుడు మొగము త్రిప్పుకొని లోనికి పోయెను. ఆ పోకయే ఆమె గుండెలో నిప్పు పోసినది.

ఆ వేసవిలోనే ఉత్తరదేశపు రాజు దుర్గమును ముట్టడించెను. కోటలో ధాన్యము అడుగంటిన వేళ మంత్రి కూచనామాత్యుడు మైలసాని కడకు వచ్చెను.

"అమ్మా, పడమటి గోడలోని చిన్న దిడ్డివాకిలి తాళపుచెవి మీ ఇంటనే యున్నది. అది నాకిమ్ము. రాణిని శత్రువు కొనిపోవును. నీ మగడు నీకు దక్కును."

ఆమె తాళపుచెవి తీసి పిడికిట బిగించినది. ఇచ్చివేయవలెనని మనసు పీకకపోలేదు. కాని ద్రోహియన్న మచ్చ మొదట తన భర్తకే అంటునని తోచి, తిన్నగా పోయి దానిని రాణి ముందుంచినది. మంత్రి చెరసాల పాలయ్యెను.

"నన్ను నీవు ద్వేషింతువని విన్నాను," అన్నది సూరాంబిక. "నీ మగని పద్యములలోని స్త్రీకి ఆకలి లేదు, అలసట లేదు, బిడ్డకు జ్వరము వచ్చిన ఏడ్చుట లేదు. ఆమె నేను కాను, మైలసానీ."

"ఆ లేనిదాని కొరకే ఆయన ప్రాణమిచ్చును, తల్లీ. నాకు కన్నుకుట్టునది దానిని చూచియే."

మరునాడు తూర్పుగోడ కూలినది. రాణి బిడ్డతో అడవిదారి పట్టవలెను. శత్రువు చూపు మరల్చుటకు రాజపల్లకి వేరొక దారిన వెడలవలెను. అందులో తానెక్కుదునని మైలసాని పట్టుబట్టినది. త్యాగమని అందరును మెచ్చిరి. తన భర్త రాణి కొరకు ఎట్లు పోరాడునో ఒక్కమారు ఆ చోట కూర్చుండి చూడవలెనన్న ఉడుకు ఎవరికి తెలియును? పల్లకికి కావలిగా పోవు నాయకునికి మాత్రము ఈ సంగతి చెప్పనీయలేదు.

ఆయన పోరాడెను. పల్లకి చుట్టును ఒంటరిగా మిగిలియు, భుజము తెగియు, ఎడమచేత కత్తి పట్టి శత్రువులను నిలువరించెను. తెరసందు నుండి చూచుచున్న మైలసాని అంతటి సుందరుని తన ఇంట ఏనాడును ఎరుగదు. తుదకు పల్లకి చెంత కూలి, తెరవైపు మొగమెత్తి, "దేవి క్షేమమా?" అని అడిగెను.

తెర తొలగించుటకు ఆమె చేయి లేచినది; లేచి ఆగినది.

"క్షేమమే, నాయకా," అన్నది రాణి గొంతుతో. ఆయన చిరునవ్వుతో కన్నుమూసెను.

పట్టుబడినది రాణి కాదని ఎరిగి, ఆ సాహసమునకు వెరగుపడి శత్రురాజు ఆమెను విడిచిపుచ్చెను. రాణి తలదాచుకొన్న అడవికోటకు ఆమె చేరినప్పుడు సూరాంబిక ఎదురువచ్చి, చేతులు పట్టుకొని, "నాయకుడు తుదిమాట ఏమనెను?" అని అడిగినది.

మైలసాని ఆ కన్నులలోనికి సూటిగా చూచినది.

"'మైలా' అని నన్ను పిలిచినారు, దేవీ. మరేమియు అనలేదు."

రాణి చేతులు మెల్లగా జారినవి.