ఎనిమిదో స్క్రూ

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి వడ్రంగి షెడ్డు అంటుకుంది. నాలుగింటికి మంట ఆరింది. నాలుగుంపావుకి శవం బయటపడింది.

మొహం లేదు. వేళ్ళు లేవు. కుడికాలి ఎముక పక్కన, బూడిదలో, ఒక స్టీలు ప్లేటు. దాని చుట్టూ ఎనిమిది స్క్రూలు.

"మా ఆయనే," అంది షెడ్డు యజమాని భార్య. "మూడేళ్ళ కిందట బైకు మీంచి పడితే కుడికాల్లో ప్లేటు వేశారు. ఎక్స్‌రే కూడా ఉంది."

ఎక్స్‌రేతో ప్లేటు సరిపోయింది. వేడికి ఎముకలోంచి ఊడిపోయి ఉంటుందని మార్చురీ డాక్టరు చేతులు దులుపుకున్నాడు.

యజమాని మీద కోర్టులో కేసుంది. అతను కట్టిన చెక్క వేదిక కూలి ఇద్దరు చనిపోయారు. తీర్పు వచ్చే సోమవారం. చచ్చినవాడికి శిక్షేమిటి? ఫైలు మూసెయ్యడానికి ఒక్క సంతకం చాలు.

ఆ సంతకం పెట్టాల్సింది ఇన్‌స్పెక్టర్. ఆవిడ ఎడమకాల్లోనూ ఓ ప్లేటుంది. స్టేషన్లో అంతా చాటుగా 'స్టీలు మేడం' అంటారు. ఆవిడకి తెలుసు, తెలియనట్టే ఉంటుంది. ఎముక అతుక్కుంది, ప్లేటు తీసేద్దామని సర్జన్ ఆరు నెలలుగా పోరుతున్నాడు. ఈవిడ వాయిదాలేస్తోంది. దొంగలంటే లెక్కలేదు గానీ, సూది చూస్తే పై ప్రాణాలు పైనే పోతాయి.

స్టేషన్ బెంచీ మీద రెండు రోజులుగా ఒకావిడ కూర్చుంటోంది.

"మా ఆయన ఆ షెడ్డులోనే పాలిష్ పని చేస్తాడు మేడం. కలప చూసి రమ్మని యజమాని పక్కూరు పంపాడంట. ఫోను తియ్యట్లేదు."

"ఎప్పుడు వెళ్ళాడు?"

"ఆదివారం పొద్దున పదింటికి. అన్నం కూడా తినలేదు."

ఇన్‌స్పెక్టర్ మనసు ఎందుకో కీడు శంకించింది. సంతకం పెట్టకుండా ఫైలు పక్కన పెట్టింది.

బుధవారం ఉదయం స్క్రూల కవరు సర్జన్ బల్ల మీద పెట్టింది. ఆయన భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాడు. ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాడు.

"దీనికి తల లేదు."

"మంటలో కరిగిందేమో?"

"ఆ మంటకి స్టీలు కరగదు. ఇవి డ్రిల్లు గీతలు. ప్లేటు తీసేటప్పుడు ఒక్కోసారి స్క్రూ తల అరిగిపోయి తిరగదు. అప్పుడు తల చెక్కేసి ప్లేటు పైకెత్తి, మిగతా ముక్కని పట్టకారుతో లాగుతాం."

"అంటే?"

"అంటే ఇది మంటలో ఊడిన ప్లేటు కాదు. ఆపరేషన్ బల్ల మీద తీసింది."

"తీశాక ఏం చేస్తారు?"

"కడిగి, సీసాలో వేసి ఇంటికిచ్చేస్తాం. చాలామంది దాచుకుంటారు. మీకూ ఓ సీసా సిద్ధంగా ఉంచాను."

ఆవిడ నవ్వలేదు. అక్కణ్ణుంచే మార్చురీకి ఫోన్ చేసింది.

"ఆ కుడికాలి ఎముక మళ్ళీ చూడండి. విరిగి అతుక్కున్న గుర్తుందా?"

అటునుంచి ట్రే లాగిన చప్పుడు వినిపించింది.

"లేదు మేడం. ఈ కాలు ఎప్పుడూ విరగలేదు." గొంతు తగ్గింది. "తల వెనక పెద్ద దెబ్బ కూడా ఉంది. దూలం పడిందనుకున్నాను."

గురువారం పదకొండింటికి యజమాని ఇంటి ముందుగదిలో ముగ్గురు ఆడవాళ్ళు. భార్య, ముసలితల్లి, ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చి గుమ్మం దగ్గరే ఆగిన పాలిష్ పనివాడి భార్య.

"మీ ఆయన ప్లేటు తీయించుకున్నాడా?"

"లేదండీ," అంది భార్య.

ఇన్‌స్పెక్టర్ తల్లి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ అందరూ కోడల్నే అడిగారు. పెద్దావిడ తట్టుకోలేదంటూ ఆమెని ఎవరూ కదిలించలేదు.

"అమ్మా, మీరు చెప్పండి."

"ఆవిడకేం గుర్తుంటుందండీ!" కోడలు అడ్డొచ్చింది.

"ఎందుకు గుర్తుండదే? పోయినేడే తీశారు. సీసాలో వేసి ఇచ్చారు. నా మందుల డబ్బా పక్కనే పెట్టుకుని రోజూ తుడుస్తున్నా. ఆదివారం నుంచి కనబడట్లేదు. అడిగితే పట్టించుకునేవాళ్ళు లేరు."

భార్య మొహం పాలిపోయింది. ఇన్‌స్పెక్టర్ తల లేని స్క్రూని బల్ల మీద పెట్టింది.

"ఆ సీసాలోది తెచ్చి శవం పక్కన పడేశాడు. అన్నీ లెక్కగా వేశాడు గానీ, ఈ ఒక్కదాన్నే సరిగ్గా చూసుకోలేదు. మంటల్లో పోయింది మీ అబ్బాయి కాదమ్మా."

తల్లి గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆ ముడతల మొహం ఒక్కసారి వెలిగిపోయింది.

"నా కొడుకు బతికే ఉన్నాడా!"

"మరి పోయిందెవరండీ?" అంది గుమ్మం దగ్గరున్నావిడ.

ఇన్‌స్పెక్టర్ ఆమె కళ్ళల్లోకి చూడలేకపోయింది.

"మా ఆయనకి కాలెప్పుడూ విరగలేదు మేడం," అందామె మెల్లగా. అని అక్కడే కూలబడిపోయింది.

తల్లి నవ్వు ఆగిపోయింది. ఆమెని చూసింది. తలొంచుకున్న కోడల్ని చూసింది. గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా నడిచి, ఆమె పక్కన నేల మీద కూర్చుని, చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"మా అక్క ఇంట్లో అటక మీద వెతకండి," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "చిన్నప్పట్నుంచీ తప్పు చేస్తే వాడు దాక్కునేది అక్కడే."