మూడో స్తంభం, నీలం చొక్కా

ముఖేష్‌ను పట్టపగలే కాల్చి చంపారు. తార్నాక బస్టాపులో, చేతిలో సగం తాగిన చాయ్ గ్లాసు ఉండగానే. చంపినవాడు చెవిలో ఇయర్‌ఫోన్‌తో వచ్చాడు, పని ముగించాడు, నింపాదిగా నడిచి వెళ్ళిపోయాడు. సీసీ కెమెరా చెప్పింది అంతే.

ముఖేష్ పోయాక ఇక యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కు మిగిలిన గూఢచారి దేవేందర్ ఒక్కడే. రీసెర్చ్ స్కాలర్ వేషం. ఆపరేషన్‌లో ఉన్నప్పుడు ఫోన్ దగ్గర పెట్టుకోకూడదన్నది రూలు.

"తర్వాతి టార్గెట్ దేవేందరే. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఇప్పుడే తేలాలి" అన్నాడు చీఫ్ రఘువీర్.

తార్నాకలో టిఫిన్ సెంటర్ పైన, కోచింగ్ సెంటర్ బోర్డు వెనుక వాళ్ళ ఆఫీసు. టైమ్ పదకొండు దాటింది. విదేశీ ముఠా తన ఆర్డర్లు ఒక వెబ్‌సైటు ద్వారా పంపుతోందని తెలుసు. అడిక్‌మెట్, విద్యానగర్‌లలో విద్యార్థులకు అద్దె గదులు చూపించే సైటు అది. ఎలా పంపుతోందో మాత్రం తెలియదు.

అన్ని దారులూ మూసుకుపోయాక కమలాకర్ గుర్తొచ్చాడు. డిపార్ట్‌మెంట్‌లో పద్నాలుగేళ్ళుగా టెలిఫోన్ ఆపరేటర్. ఎం.ఏ.లో యూనివర్సిటీ ఫస్టు. పుట్టుకతో చూపు లేదు గనక ఆ ఫస్టుకు విలువా లేదు. చూపు లేనివాడికి సర్కారు చూపించే కుర్చీ అదొక్కటే కదా.

"మూడు నెలలు ఐదుగురు చూశారు కమలాకర్. సైటు క్లీన్. వైదేహి కూడా అదే అంటోంది. నువ్వొకసారి విను" అన్నాడు రఘువీర్.

వైదేహి డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ వీళ్ళకు కబుర్లు చేరవేస్తుంది. సైటు తయారుచేసిందీ, నడిపేదీ ఆమే. నమ్మకం కోసం దాన్ని ఎడిట్ చేసే పాస్‌వర్డ్ కూడా తెచ్చి ఇచ్చింది. ఆమె ఆఫీసుకు వస్తే రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్ళు కూడా చొక్కా సర్దుకుంటారట. ఆ అందంతో కమలాకర్‌కు పని లేదు. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో రెండేళ్ళు అతనికి పుస్తకాలు చదివి వినిపించిన గొంతు ఆమెది. జీవితంలో అతను పూర్తిగా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

కమలాకర్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. స్క్రీన్ రీడర్ పేజీని చదవడం మొదలుపెట్టింది. పక్కవాడికి గొణుగుడులా వినిపించే ఆ వేగం అతనికి మామూలు మాట. మౌస్ లేదు, కీబోర్డే. జి నొక్కితే ఫొటో నుంచి ఫొటోకు దూకుతుంది. ఫొటోలో ఏముందో పేజీ వెనుక కోడ్‌లో ఎవరైనా రాసి పెడితే చదువుతుంది. లేకపోతే ఏదో ఫైలు నంబరు చెప్పి ఊరుకుంటుంది. పెళ్ళి పత్రిక దగ్గర్నుంచి పరీక్ష నోటిఫికేషన్ దాకా కమలాకర్ విన్నవన్నీ నంబర్లే.

ఈ సైటులో మాత్రం ఒక్క నంబరూ లేదు. ప్రతి ఫొటోకూ చక్కటి వర్ణన. అతని వేలు ఆగిపోయింది.

"సార్, నాలుగో ఫొటోల ఏమున్నది?"

"గది. మంచం, ఫ్యాన్."

"స్తంభాలున్నయా?"

"అద్దె గదికి స్తంభాలేంటయ్యా?"

కమలాకర్ వేగం తగ్గించి స్పీకర్‌లో వినిపించాడు: "మెట్లు ఎక్కగానే ఎడమ పక్క మూడో స్తంభం. నీలం చొక్కా తగిలించి ఉంది. పదకొండున్నరకు గది ఖాళీ."

"అది మాకూ కోడ్‌లో కనిపించింది. గుడ్డివాళ్ళ కోసం రాసిందే కదా అని వదిలేశాం" అన్నాడు ఒక ఎనలిస్టు.

"వదిలేస్తరు. మా కోసం రాసింది మీరెందుకు చదువుతరు?" అన్నాడు కమలాకర్. "మెట్లు, స్తంభాలంటే క్యాంపస్‌ల ఆర్ట్స్ కాలేజే సార్. దేవేందర్ ఇయ్యాల ఏ చొక్కా ఏసుకున్నడు?"

నీలం. టైమ్ పదకొండూ ఇరవై రెండు. జీపు బయల్దేరింది, కానీ ఆ వేళప్పుడు తార్నాక సిగ్నల్ దాటడానికే పది నిమిషాలు.

"చంపేటోడు స్క్రీన్ చూస్తలేడు సార్. ఆఖరి నిమిషం దాకా ఇయర్‌ఫోన్ల ఇదే వింటున్నడు. గీ మాట మారిస్తే ఆగుతడు."

ఎడిట్ పేజీ తెరిచాడు. పాత వర్ణన చెరిపి టైప్ చేశాడు: "ఈ రోజు గది ఖాళీ లేదు. వెంటనే వెనక్కి రండి." ఇక సేవ్ చేయాలి. బి నొక్కాడు.

"బటన్." మళ్ళీ నొక్కాడు. "బటన్." మొత్తం ఏడు. ఒక్కదానికీ పేరు లేదు.

రఘువీర్ స్క్రీన్ మీదికి వంగాడు. "పువ్వు, చేప, గొడుగు... అన్నీ బొమ్మలే. తప్పుది నొక్కితే సైటే లాక్ అవుతుందని వైదేహి చెప్పింది."

పదకొండూ ఇరవై ఎనిమిది.

ఈ పేజీ కట్టింది వైదేహి. చూపు లేనివాళ్ళకు అందేలా పేజీ కట్టడం క్యాంపస్ రోజుల్లో ఆమెకు నేర్పింది కమలాకరే. ముఖ్యమైన బటన్ అన్నిటికంటే చివర పెట్టు, పేజీ అడుగుకు దూకితే మాకు వెంటనే దొరుకుతుందని పదిసార్లు చెప్పాడు. ఆమె మంచి విద్యార్థిని. కంట్రోల్ ఎండ్ కొట్టి, వెనక్కి ఒక్క బటన్ జరిగి, ఎంటర్ నొక్కాడు.

"మార్పులు సేవ్ అయ్యాయి" అంది స్క్రీన్ రీడర్.

జీపు చేరేసరికి దేవేందర్ మూడో స్తంభానికి ఆనుకుని పల్లీలు తింటున్నాడు. ఇయర్‌ఫోన్‌తో మెట్లు దిగుతున్నవాణ్ణి పట్టుకుంటే సంచిలో పిస్టల్ దొరికింది.

మధ్యాహ్నం వైదేహిని బేడీలతో తెచ్చారు.

"ఎలా పట్టుకున్నావ్?" అని అడిగింది. అదే గొంతు.

"ప్రతి ఫొటోకు వర్ణన రాసినవ్. ఈ ఊళ్ళ మా కోసం గంత కష్టపడేటోళ్ళు ఎవరున్నరు వైదేహీ? గాడనే అనుమానమొచ్చింది."

"నువ్వే కదా నేర్పావు."

"మస్తు మందికి నేర్పిన. నేర్చుకున్నది నువ్వొక్కదానివే." దేవేందర్ బతికినందుకు సంతోషించాల్సిన రోజు, కానీ అతనికి ఏడుపొచ్చింది.

వారం తర్వాత సర్క్యులర్ వచ్చింది. ఫొటోలకు వర్ణన రాసి ఉన్న ప్రతి సైటునూ దేశద్రోహ కోణంలో అనుమానించాలి. వాటిని వెతికి రిపోర్టు చేసే ప్రత్యేకాధికారిగా కమలాకర్‌కు ప్రమోషన్.

ఆరు నెలలుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెతుకుతూనే ఉన్నాడు. రిపోర్టు చేయడానికి ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.