ముందు చెయ్యి

నిలోఫర్ పరిగెడుతోంది!

అమ్ఘరా స్క్రాప్ యార్డు. శుక్రవారం మిట్టమధ్యాహ్నం. పాత కార్ల గుట్టలు సెగలు కక్కుతున్నాయి. ఆమె చేతిలో మూరన్నర బెత్తం కర్ర... కర్రసాములో వాడే బాస్టన్!

ముందు అల్లాబకష్. ఈ యార్డు కాపలాదారు.

తమ్ముడు అసిఫ్‌ని చంపినవాడు!

"ఆగరా! యాడికి పోతావ్?" నిలోఫర్ అరిచింది.

గేటుకి కారు అడ్డంపెట్టి కౌశల్ నిలబడ్డాడు. అబూ హలీఫా జిమ్‌లో ఆమెకు అర్నిస్, అంటే ఫిలిప్పీన్స్ కర్రసాము, నేర్పిన మాస్టర్. చంపింది అల్లాబకషేనని చెప్పిందీ అతనే.

దారి మూసుకుపోయింది. అల్లాబకష్ ఇనుపపైపు రెండు చేతులా ఎత్తాడు.

తలని కాదు... ముందు చేతిని కొట్టాలి. మాస్టర్ మొదటి పాఠం.

ఠక్!

పైపు పడింది. అల్లాబకష్ వేళ్లు పట్టుకుని కూలబడ్డాడు. ఆమె కర్ర కుడి భుజం మీదికి లేచింది. నంబర్ వన్ దెబ్బ. ఎడమ కణతకి!

"నేను కాదు పాపా! ఆ పొద్దు ఈడే దాక్కోని చూసినా... ఆ మాస్టరే! ఇట్లే కొట్టినాడు. ముందు చెయ్యి, తర్వాత కణత! జిమ్ బ్యాగుల్లో మత్తు మాత్రలు అసిఫ్ కంట్లో పడినాయని!"

కర్ర గాల్లోనే ఆగింది.

మార్చురీలో తమ్ముడి ఎడమ కణత చితికి ఉంది. కుడి మణికట్టు విరిగి ఉంది. దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టాడనుకుంది. ఎంత పిచ్చిది తను!

"వాడి మాటలు వింటావేంటి? కొట్టు! ఖలాస్ చేసెయ్!" గేటు దగ్గర్నుంచి ఎప్పుడొచ్చాడో, వెనకే కౌశల్ గొంతు.

గిరుక్కున తిరిగింది. రెండడుగుల దూరంలో అతను... చెయ్యి నడుము దగ్గరికి జారుతోంది. చొక్కా కింద పిస్టల్!

కర్రతో మీదికెళ్తే కాల్చేస్తాడు.

నిలోఫర్ కర్రని గుండెకి ఆనించింది. తల వంచింది. పుగాయ్... పోటీకి ముందు ఎదుటివాడికి పెట్టే నమస్కారం. జిమ్‌లో ఇది పెట్టనిదే కౌశల్ ఎవర్నీ కర్ర ఎత్తనిచ్చేవాడు కాదు. పెట్టినవాళ్లకి తిరిగి పెట్టకుండా ఉండేవాడూ కాదు.

ఇరవై ఏళ్ల అలవాటు!

పిస్టల్ దాకా వెళ్లిన చెయ్యి, తనకి తెలియకుండానే గుండె మీదికి లేచింది. ఒక్క క్షణం...

ఠక్!

మణికట్టు విరిగింది. కౌశల్ కేక పెట్టాడు.

"చెయ్యి అయింది మాస్టర్!" ఆమె కర్ర మళ్లీ భుజం మీదికి లేచింది.

"ఇంగ కణత!"

ఠక్!