పురిటి బండ

గుడియాత్తం నుంచి మోర్ధానా పోయే బస్సులో ఆ బండ కనబడగానే కిటికీ పక్కనున్నవాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు. ఒళ్ళో బిడ్డ ఉన్న తల్లులు బిడ్డ చెవులు మూసేవాళ్ళు. పగలే అలా ఉంటే, పొద్దుపోయాక ఆ దారిన సైకిలు తొక్కేవాడు లేడు.

దాని పేరు పురిటి బండ.

రోడ్డుకు రెండు ఫర్లాంగుల లోపల, ముళ్ళ తుమ్మల మధ్య, ఎనభై అడుగుల ఎత్తున నిలబడిన ఒంటి రాయి. ఒకప్పుడు దాని కింద రాళ్ళు కొట్టేవాళ్ళు. ఆ ముఠాలో ఒక ఆడమనిషి నెలలు నిండినా పనికొచ్చి, అక్కడే నొప్పులు పడి, తెల్లారేలోపు చనిపోయిందని చెబుతారు. బిడ్డా దక్కలేదు. అది ఏ సంవత్సరమో చెప్పగలిగినవాళ్ళు నాకు దొరకలేదు. ఆమె పేరు కూడా ఎవరికీ తెలియదు.

మూలుగు విన్నవాళ్ళు మాత్రం దొరికారు. 1994 దీపావళి తరువాత విన్నవాళ్ళు తొమ్మిది మంది. అందరూ చెప్పింది ఒకటే. ముందు సన్నగా ఒక మూలుగు... కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ మూలుగు, ఈసారి గట్టిగా... చివర్లో, ఎముక విరిగినట్టు — ఠక్.

దేవకి టీచరుకు ఆ బండతో వేరే సంబంధం ఉంది.

ఆవిడ గుడియాత్తంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో భూగోళం చెప్పేది. వయసు నలభై రెండు. కాపురం వేలూరులో. రోజూ ఉదయం ఆరు నలభై బస్సు. ఆదివారమైతే తెల్లవారకముందే వేలూరు చుట్టూ ఉన్న కొండల్లో ఏదో ఒకదాని మీద ఉండేది. చిన్న వయసులో హిమాలయాల దగ్గర నెల రోజులు కొండలెక్కడం నేర్చుకుని, అక్కడినుంచి ఒక నైలాన్ తాడు తెచ్చుకుంది. ఆ తాడుతో ఆరేళ్ళుగా బడిపిల్లలకు పురిటి బండ ఎక్కడం నేర్పుతోంది. ఆ ఏడు ఆవిడ దగ్గర పదకొండు మంది ఉన్నారు, ఎక్కువమంది రాళ్ళు కొట్టే మేస్త్రీల కూతుళ్ళు. గుడియాత్తం లుంగీ గుడ్డతో వాళ్ళకు ప్యాంట్లు ఆవిడే కుట్టించింది. పటంలో ఎత్తు చూపించే గీతలు నోటుపుస్తకంలో గీయించి, మరుసటి రోజు ఆ ఎత్తు ఎక్కించేది.

మూలుగు మాట బడిదాకా వచ్చింది. 1995 ఫిబ్రవరిలో, మార్చి క్యాంపుకు ఆ బండ దగ్గరికి పిల్లల్ని పంపేది లేదని పదకొండు మంది తల్లులూ అర్జీ పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ భారతమ్మ దాన్ని దేవకి ముందుకు తోసింది.

"పెండ్లి కావాల్సిన పిల్లోళ్ళు. ఆ గాలి సోకితే రేపు కడుపు నిలవదంట. నేనేం చెప్పేది?"

"పిల్ల జారి పడతాదని భయపడితే అర్థముండాది మేడం. దీనికేం భయం?"

"నాకు చెప్పమాకు, వాళ్ళకి చెప్పు. సోమవారం లోపల చెప్పలేకపోతే క్యాంపు లేదు, కొండా లేదు. నీ తాడు నా బీరువాలో ఉంటాది."

"శనివారం రాత్రి నేను ఆడనే పండుకుంటాను."

"పిచ్చేమన్నా పట్టిందా నీకు?"

"ఉండాది మేడం. ఇరవై ఏండ్లుగా."

ఫిబ్రవరి 25, శనివారం. అమావాస్యకు నాలుగు రోజులు.

తోడుగా బడి వాచ్‌మన్ పెరుమాళ్ పోయాడు. బండ ఎక్కే పిల్లల తాడు ఆరేళ్ళుగా కింద నిలబడి పట్టింది ఆయనే. తాడు బండ నెత్తినున్న చదునైన దిమ్మె మీద, ఒక గుండు చుట్టూ తిరిగి వస్తుంది. ఒక కొస ఎక్కేవాళ్ళ నడుముకు, రెండో కొస పెరుమాళ్ చేతుల్లో. పిల్ల జారితే ఆయన బిగించాలి. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రాత్రి మాత్రం బడిగంట కొట్టే ఇనుపకడ్డీ నడుముకు దోపుకుని వచ్చాడు.

"అదెందుకప్పా?"

"ఇనుముంటే దగ్గరికి రాదంటారమ్మా."

"మంచిది. పొద్దున గంట కొట్టేదానికి మర్చిపోకుండా తీసుకపో."

మధ్యాహ్నమే గుండుకు తాడు వేసి, ఊళ్ళోకి పోయి, పొద్దుగుంకాక తిరిగొచ్చారు. చీకటి పడింది. తొమ్మిదయింది... పది... రోడ్డు మీద కడపటి బస్సు పోయింది. తరువాత చప్పుడన్నది లేదు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా — మూలుగు.

సన్నగా, పైనుంచి. మనిషి గొంతు కాదని అనుకునేంతలో మనిషి గొంతే అనిపించేలా.

పెరుమాళ్ ఆవిడ కొంగు పట్టుకున్నంత దగ్గరికి జరిగాడు. "పోదామమ్మా... నీకు దండం పెడతాను..."

దేవకి బండ మీద అరచెయ్యి ఆనించింది. రాయి లోపల సన్నగా వణుకుతోంది.

"పైన దిమ్మె దగ్గర్నించి వస్తాండాది. ఎక్కి చూస్తాను. తాడు పట్టు."

"ఈ చీకట్లోనా?"

"ఈ బండ నా చేతులకి తెలుసప్పా. కండ్లతో పనిలేదు."

ఎక్కింది. పది అడుగులు... ఇరవై... చేతికి తెలిసిన ప్రతి పట్టూ ఉన్నచోటే ఉంది. నలభై అడుగుల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది.

మూలుగు మళ్ళీ వచ్చింది. ఈసారి చెవి పక్కనే.

కింద ఇనుపకడ్డీ రాయి మీద పడిన చప్పుడు. ఆపైన ముళ్ళలో అడుగులు — పరుగెడుతున్న అడుగులు. "పెరుమాళప్పా!" జవాబు లేదు. నడుము దగ్గర తాడు వదులైంది.

ఆ క్షణాన ఆవిడ చేతుల మీదికి నీళ్ళు దిగాయి. వాన లేని నెల, ఎండిన బండ. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ప్రసవానికి ముందు వచ్చే నీళ్ళే గుర్తొచ్చాయని, గుర్తొచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చిందని ఆవిడ నాతో చెప్పింది.

"ఎవురు నువ్వు?" అని గట్టిగా అడిగిందట. "మాట్లాడేదుంటే మాట్లాడు. నేను దిగేది లేదు."

ఠక్!

కుడికాలి కింద రాయి ఊడింది. పట్టు జారింది. పడింది...

ఆరడుగులు పడి, ఆగింది.

తాడు బిగిసింది. ఒక్క కుదుపు కూడా లేకుండా, అలవాటున్న చేతులు ఆపినట్టు. గాలిలో వేలాడుతూ, కిందికి మళ్ళీ పిలిచింది. ఎవరూ పలకలేదు. తాడు మాత్రం వదులు కాలేదు.

దిగలేదు. ఎక్కింది.

దిమ్మె మీద టార్చి వేసి చూస్తే దెయ్యం లేదు. తాడు వేసిన గుండు చాటున, జానెడు దూరానికొకటి చొప్పున వరసగా పదమూడు బెజ్జాలు. ప్రతి బెజ్జంలో ఒక ఎండు చెక్క మేకు బిగించి ఉంది. రాళ్ళు కొట్టేవాళ్ళు దాన్ని ఆప్పు అంటారు. మేకుల మీద తడి గోనెపట్టాలు. పక్కన అడుగున చిల్లి పెట్టిన నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లా పడి ఉంది, పగటి ఎండకు కాగిన నీళ్ళు అంచుదాకా పారి ఉన్నాయి. వరస పొడవునా కొత్త నెర్రె.

మేస్త్రీల పిల్లలకు ఆరేళ్ళు చదువు చెప్పిన మనిషికి అది వివరించనక్కర్లేదు. మందు పేలిస్తే ఊరంతా వినబడుతుంది, లైసెన్సు అడుగుతారు. చెక్క మేకులు దిగ్గొట్టి సాయంత్రం నీళ్ళు పెట్టి పోతే రాత్రంతా చెక్క నాని ఉబ్బుతుంది. రాయి మూలుగుతుంది, పగులుతుంది. మనిషి అక్కడ ఉండనక్కర్లేదు. వేలూరులో మిద్దె మీద మిద్దె లేస్తున్న రోజులవి. రాతికి మంచి గిరాకీ. ఒక కాంట్రాక్టరు వెనకవైపునుంచి బండను కోసుకుంటున్నాడు. కాపలాకు పాత కథ ఉంది, జీతమివ్వనక్కర్లేని కాపలా.

దేవకి పదమూడు మేకులూ రాయితో కొట్టి ఊడదీసి సంచిలో వేసుకుంది. వెనకదారిన దిగి వచ్చింది.

కింద పెరుమాళ్ లేడు. తాడు కొస ఒక గుండుకు మూడు చుట్లు చుట్టి, ముడివేసి ఉంది. చీకట్లో ఎంత లాగినా రాలేదు. ఆవిడ పొద్దున వెలుతురులో ఆ ముడి బొమ్మ నోటుపుస్తకంలో గీసుకుని, తరువాతే విప్పింది.

తెల్లారాక పెరుమాళ్ తలదించుకుని వచ్చాడు. "తప్పయిందమ్మా. తాడు ఇడిచిపెట్టి పరిగెత్తినాను."

"కట్టిపోయినావు కదప్పా?"

"లేదమ్మా. చేతులు ఆడలేదు. ఇడిచిపెట్టేసినా."

సోమవారం పదమూడు మేకులూ భారతమ్మ బల్ల మీద పడ్డాయి. తల్లులను పిలిపించారు. వాళ్ళలో సగం మంది మేకులు చూడగానే గుర్తుపట్టి, ముఖాలు చూసుకుని, నవ్వు ఆపుకోలేకపోయారు. అర్జీ చినిగింది.

మంగళవారం మోటారుసైకిలు మీద ఒకాయన వచ్చాడు. చల్లగానే మాట్లాడాడు.

"ఆడపిల్లల్ని పెట్టుకుని అట్లాంటి చోటికి ఎందుకు టీచరమ్మా? ఏదన్నా జరిగితే?"

"జరిగింది. మీ ఆప్పులు పదమూడు నా దగ్గరుండాయి. తాలూకా ఆఫీసులో ఎన్ని ఇయ్యాల, పేపరోళ్ళకి ఎన్ని ఇయ్యాల, మీరే చెప్పండి."

మరి రాలేదు. మేకులు కొన్ని మా పేపరు ఆఫీసుకు వచ్చాయి. అలా ఈ కథ నాకు చేరింది.

మిగిలింది తాడు ముడి. దాన్ని కూడా తేల్చుకోవాలని ఆ కాంట్రాక్టరు ముఠాను వెతికాను. దిమ్మె మీద నీళ్ళు పెట్టే పని చిన్నపొన్ను అనే ఆవిడది. నెమిలి అనే ఊరి దగ్గర ఒక పనిచోట దొరికింది. ఆ రాత్రి టీచరు పడబోతుంటే తాడు కట్టి కాపాడింది ఆమేనని, భయపడి చెప్పడం లేదని నా లెక్క.

"నేనా సార్?" అని నవ్వింది. "పొద్దు గుంకకముందే నీళ్ళు పెట్టి ఇంటికి పోతాను. రాత్రిపూట ఆడికి ఎవురు పోతారు? పురిటి బండ కదా అది."

"మూలుగు మీ ఆప్పులదే కదా?"

"మూలుగు ఆప్పులదే. అందుకని?"

ముడి బొమ్మ చూపించాను. చూసింది. నవ్వు పోయింది.

"ఇది మా ముడే సార్. గుండు ఏలాడదీసేటప్పుడు ఏసేది. కానీ..." బొమ్మలో తాడు వెంట వేలు వెనక్కి, ముందుకు జరిపి చూసింది. "ఇది ఎడం చేత్తో ఏసింది. మా ముఠాలో ఎడంచెయ్యి వాటం ఎవురూ లేరు."

బొమ్మను నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ముందెప్పుడో ఒకామె ఉన్నిందంట," అంది. "ఆ బండ కాడనే పోయింది."

పెరుమాళ్ ఏ చేత్తో గంట కొడతాడో బడికి పోయి చూశాను. కుడిచేత్తో.

ఇదంతా దేవకి టీచరుకు చెప్పాను. ఆవిడ క్యాంపుకు సంచులు సర్దుతోంది. మార్చి 4, శనివారం, పదకొండు మంది పిల్లలు, రాత్రి పురిటి బండ కిందే పడక. మానుకుంటుందనుకున్నాను. ఆవిడ తాడు చుట్ట చుట్టడం ఆపలేదు.

"అయితే తాడు పట్టేది బాగా తెలిసినామె," అంది. "పెరుమాళప్పకి వయసైపోయింది. నాకూ ఒక మనిషి కావాల్సే ఉండాది."