ఆరు వేళ్ల పాదం

ముసుగు గది గుమ్మం దగ్గర ఇందుమతి ఫోను అప్పగించి, రోజూ చెప్పే మాటే చెప్పింది: "ఇక్కడ నాకెవరూ తెలియదు." తలుపు తెరుచుకుంది.

లోపల సహాయి అనే యంత్రం అప్పటికే పసిపిల్లల సరుకుల ప్రచారాన్ని జల్లెడ పడుతోంది. పేర్లు, ఊళ్లు, ఫోను నంబర్లు తుడిచేశాకే కొనుగోలుదారుల వివరాలు ఆ యంత్రానికి అందుతాయి. తుడవగా మిగిలిన దాన్ని జాడ అంటారు. ఏ జాడ ఎవరిదో మనిషి గుర్తుపడితే ముసుగు చిరిగినట్టే; ప్రచారం మొత్తం ఆపేయాలి, గుర్తుపట్టిన మనిషి ఉద్యోగం వదులుకోవాలి. ఇన్నేళ్లలో ఇందుమతి ఒక్కరినీ గుర్తుపట్టలేదు. అందుకు ఆమెకు కాస్త గర్వం కూడా.

"ఈ తల్లి రోజూ సంజెవేళ మన సందేశం తెరిచి చూస్తోంది. ఏమీ కొనడం లేదు," అంది సహాయి. "ఆసక్తి చాలా ఎక్కువ. ఇకనుంచి రోజుకు మూడు పంపుదామా?"

"మొదట్లో మనల్ని ఏం అడిగింది?"

"ఎడమ పాదానికి ఆరు వేళ్లున్న బాబుకు సరిపోయే మేజోళ్లు."

పేర్లు తుడిచేవాళ్లకు మేజోళ్లు తుడవాలని ఎందుకు తోస్తుంది! ఆ ఆరో వేలిని ఇందుమతి ఎన్నిసార్లు ముద్దుపెట్టుకుందో. చెల్లెలు హేమ కొడుకు చందు, మూడో నెల నిండకుండానే జ్వరంతో పోయాడు. హేమ బాధపడుతుందని ఇంట్లో అందరూ వాడి పేరెత్తడమే మానేశారు. ఫోను చేస్తే "బాగానే ఉన్నానక్కా" అనేది. ఇందుమతి నమ్మింది. నమ్మితే హాయిగా ఉండేది మరి.

"ఆమెకు ఏమని వెళ్తోంది?"

"'మీ బాబుకు ఏడో నెల వచ్చింది' అని. నెలనెలా అంకె మారుతుంది."

వాడి నెలలు ఇంకా లెక్కపెడుతున్నది ఈ యంత్రం ఒక్కటే. ఇందుమతికి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఈ జాడ తీసెయ్."

"కారణం లేకుండా తీయలేను. గుర్తుపట్టారా?"

లేదని చెబితే ఉద్యోగం నిలుస్తుంది. హేమకు రోజుకు మూడు సందేశాలు వెళ్తాయి.

"పట్టాను. నా చెల్లెలు."

తెర ఆరిపోయింది. ప్రచారం ఆగింది. ఆమెకు ఇక ఆ గదిలో చోటు లేదు. గుమ్మం దగ్గర ఫోను తీసుకుంటుంటే తట్టింది: ఈ సంజెవేళ హేమ ఫోను తెరిచి చూస్తుంది, ఏమీ ఉండదు.

అక్కడే నిలబడి చెల్లెలికి ఫోను చేసింది.

"బాగానే ఉన్నానక్కా," అంది హేమ, అడగకుండానే.

"మన చందూకి ఏడో నెల వచ్చింది కదే."

హేమ ఏడుస్తూ అడిగింది: "నీకూ గుర్తున్నాడా అక్కా?"