మైనస్ ఎనభైలో నలభై ఒక్కరు

"ఇవాళ నాలుగింటికి ఒక సంస్థ చచ్చిపోతుంది," అన్నాడు బాస్. "అందాకా దాన్నెవరూ దోచుకోకుండా చూడాలి."

ఏజెంట్ జలుబు తుమ్మాడు. ఆయన తుమ్మితే రెండు దేశాల రాడార్లు ఆగిపోతాయని డిపార్ట్‌మెంట్‌లో ప్రతీతి.

ముప్పై ఏళ్ల కిందట డాక్టర్లయిన భార్యాభర్తలు కారు షెడ్డులో ఒక మైక్రోస్కోపు పెట్టుకుని మొదలెట్టిన పరిశోధనా సంస్థ అది. లాభాపేక్ష లేదు. విరాళాలతో నాలుగంతస్తులు లేచింది. మూడొందల మంది తెల్లకోట్లు తొడుక్కున్నారు. తర్వాత డాక్టర్లిద్దరూ పోయారు. విరాళాలూ వాళ్ల వెనకే పోయాయి.

"ఏడో నంబరు ఫ్రీజర్లో నలభై ఒక్కమంది పిల్లల కణాలున్నాయి. అందరూ ఒకే జబ్బుతో పోయారు. మందు తయారైతే అందరికీ ఉచితంగా ఇస్తామంటే తల్లిదండ్రులు ఒప్పుకుని ఇచ్చారు. నాలుగింటికి పెద్దాసుపత్రి వ్యాన్ వచ్చి తీసుకెళ్తుంది. ఈలోగా 'నీలి గొడుగు' ముఠా కొట్టేసిందా, పేటెంట్ వాళ్లది, మందు కోటీశ్వరులది."

"లోపల మనవాళ్లెవరు?"

"వేలంపాట మేడమ్. సామాను లెక్క చూసే నెపంతో ఉంది. కోడ్: 'చలిగా ఉందా?' జవాబు: 'స్వెట్టర్ ఇస్త్రీకిచ్చా.'"

సొంత మీసం మీద ఇంకో మీసం అతికించుకుని, జలుబు మెకానిక్ వేషంలో దిగాడు. సంస్థ వాకిట్లో ఉన్న ప్రతి కారు టైరుకీ ఒక చిన్న బాంబు అంటించాడు. అది ఆయనకి అలవాటు.

హాల్లో కొక్కేలకి తెల్లకోట్లు వేలాడుతున్నాయి, జేబుల మీద పేర్లతో సహా. లిఫ్ట్ తనంతట తానే ప్రతి అంతస్తులో ఆగి, తలుపు తెరిచి, ఎవరి కోసమో మర్యాదగా ఎదురుచూసి, మూసుకుంటోంది. దెయ్యాలు కూడా రాజీనామా ఇచ్చి వెళ్లిపోయినంత నిశ్శబ్దం.

కింది గదిలో మాత్రం ఫ్రీజర్లు గుంయ్‌మంటున్నాయి. వాటి మధ్య స్టూలు మీద కూర్చున్నావిడని అందరూ ఫ్రీజర్ అక్క అంటారు.

"మూసేస్తుంటే ఇప్పుడు రిపేరేంటయ్యా? శవానికి సూదిమందా?"

"డ్యూటీ అక్కా."

"మూడోది ముట్టుకోకు. కాగితం కనపడట్లా?"

దాని మీద పెద్దక్షరాలతో ఉంది: చెడిపోయింది, తెరవొద్దు.

"మీరింకా ఇంటికెళ్లలేదేం?"

"నలభై ఒకటో నంబరు మా పాప," అంది అక్క. "కరిగించి వెచ్చగా పెడితే ఆ కణాలు ఇప్పటికీ పెరుగుతాయి. పాప పోయి పంతొమ్మిదేళ్లు. ఆ సంగతి వాటికెవరూ చెప్పలేదు."

రాబోయిన తుమ్ము జలుబు ముక్కులోనే ఆగిపోయింది.

మూడూ నలభై ఐదుకి నల్లకళ్లద్దాలతో మేడమ్ వచ్చింది.

"చలిగా ఉందా?"

"స్వెట్టర్ ఇస్త్రీకిచ్చా."

"అయ్యో పాపం," అంటూ లిప్‌స్టిక్ తీసింది. అది పిస్తోలు. "నేను రెండు వైపులా పనిచేస్తున్నా. వాళ్ల క్యాంటీన్ బాగుంటుంది."

ఏడో ఫ్రీజర్‌ని ఊడ్చి డ్రై ఐస్ పెట్టెలో వేసుకుంది. అక్క రెండు చేతులూ జోడించింది. "నీకు దణ్ణం పెడతా తల్లీ, వదిలెయ్యి." వెక్కి వెక్కి ఏడ్చింది. మేడమ్ వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయింది.

జలుబు తన చెప్పు మడమ విప్పి టైరు బాంబుల రిమోట్ తీశాడు. బయట కారు స్టార్టయింది. బటన్‌కీ ఆయన వేలికీ మధ్య వెంట్రుకవాసి దూరం. అక్క ఆ వేలు ఒడిసి పట్టుకుంది.

"నొక్కావో, విరిచేస్తా."

"అక్కా! మీ పాప వెళ్లిపోతోంది!"

"వెళ్లేది కుళాయి నీళ్లు. ఆపితే అనుమానమొచ్చి గదంతా వెతుకుతుంది. పోనీ."

కారు మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు వేలు వదిలింది.

"మా సైంటిస్టులు మహా మేధావులయ్యా. పనిచేసే ఫ్రీజర్ కనపడితే చాలు, పిల్లల ట్యూబులు బయటపడేసి వాళ్ల డబ్బాలు దూర్చేవాళ్లు. పన్నెండేళ్ల కిందట పిల్లల్ని మూడోదాన్లోకి మార్చి ఆ కాగితం అంటించా. మళ్లీ ఒక్క మేధావీ తలుపు ముట్టుకోలేదు. ఏడోది కొత్తవాళ్లు ట్యూబులు పట్టడం నేర్చుకోడానికి. నంబర్లు అవే, లోపల నీళ్లు."

"రిజిస్టర్లో?"

"ఏడో నంబరనే ఉంది. నన్నెవరడిగారు?"

"మరి అంతలా ఏడ్చారే?"

"ఆ నంబరు ఎవరు పట్టుకెళ్లినా ఏడుపొస్తుందయ్యా."

నాలుగింటికి ఆసుపత్రి వ్యాన్ వచ్చింది. మూడో ఫ్రీజర్ నుంచి నలభై ట్యూబుల్ని జలుబు అందించాడు. ఆఖరిది అక్క పెట్టింది. వ్యాన్ వెళ్లాక ఫ్రీజర్లు ఒక్కొక్కటే ఆపింది. ఆఖరి మోత ఆగగానే చెవి రిక్కించి చాలాసేపు విన్నది.

నీలి గొడుగు వాళ్లు ఇప్పటికి రెండేళ్లుగా ఆ నీళ్ల మీద పరిశోధన చేస్తున్నారు. ఫలితాలు చాలా ఆశాజనకంగా ఉన్నాయట.